పుస్తకం చెప్పిన ముక్క.. ఫోన్ చెప్పని లెక్క

"అన్నా, సెమిస్టర్ ఫీజుకి ఓ రెండు వేల డాలర్లు తగ్గాయి. నెలాఖరుకల్లా ఇచ్చేస్తా."

రూమ్మేట్ అడిగిన తీరులోనే ఏదో తేడా కొట్టింది. నెల కిందటే వాళ్ల నాన్న ఫీజు డబ్బులు పంపిన సంగతి నాకు తెలుసు. మెసేజ్ రాగానే చూపించింది వాడే. "ఆ డబ్బేమైందిరా?" అన్నా. కాసేపు గోడ వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "చార్ట్ ప్రకారమే ఆడానన్నా. నువ్వు నేర్పిన చార్టే" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే వాడు చెప్పింది నిజం. బ్లాక్‌జాక్ వాడికి నేర్పింది నేనే. చార్ట్ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేసింది కూడా నేనే. చార్ట్‌లో తప్పేమీ లేదు. మరి రెండు వేల డాలర్లు ఎక్కడికి పోయాయి? దానికి జవాబు వెతికితే, ఏ విద్యనైనా పుస్తకంలో నేర్చుకోవడానికీ, ఫోన్లో నేర్చుకోవడానికీ ఉన్న తేడా అర్థమైంది. అదే ఇక్కడ రాస్తున్నా.

మూడుముక్కలాట నుంచి బ్లాక్‌జాక్ దాకా

మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి అరుగుల మీద పేకాట చూస్తూ పెరిగినవాణ్ని. రమ్మీ వచ్చు, మూడుముక్కలాట వచ్చు. చదువుకోసం అమెరికా వచ్చి, న్యూజెర్సీలో ఉద్యోగంలో కుదురుకున్నాక, ఓ శనివారం ఆఫీసువాళ్లతో కలిసి అట్లాంటిక్ సిటీ వెళ్లా. మా ఇంటి నుంచి కారులో రెండు గంటల దారి. సముద్రం ఒడ్డున వరసగా క్యాసినోలు.

బ్లాక్‌జాక్ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. మీ ముక్కల మొత్తం 21కి దగ్గరగా ఉండాలి, కానీ 21 దాటకూడదు. రాజు, రాణి, జాకీ అన్నీ పదే. ఆసుని ఒకటిగానైనా, పదకొండుగానైనా లెక్కేసుకోవచ్చు. మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది పడితే అదే బ్లాక్‌జాక్. టేబుల్ చుట్టూ ఎంతమంది కూర్చున్నా, మీ ఆట డీలర్‌తోనే. డీలర్ ముక్కల్లో ఒకటి మాత్రం తెరిచి ఉంటుంది. దాన్ని చూసి మీరు ఇంకో ముక్క అడగాలా, ఆగాలా, పందెం రెట్టింపు చేయాలా అన్నది తేల్చుకోవాలి. డీలర్‌కి ఆ స్వేచ్ఛ లేదు. 16 దాకా ముక్క తీసుకోవాల్సిందే, 17 వస్తే ఆగాల్సిందే. మీరు 21 దాటితే మీ డబ్బు అప్పుడే పోతుంది. ఆ తర్వాత డీలర్ కూడా దాటినా మీకు తిరిగి రాదు. క్యాసినోకి మిగిలేదంతా ఇక్కడే మొదలవుతుంది.

ఆ రాత్రి గంటలో 300 డాలర్లు పోగొట్టా. 12 ఉన్నా ముక్క అడిగా, 16 ఉన్నా ధైర్యంగా ఆగా. చూసి చూసి డీలరమ్మే, "కింద గిఫ్ట్ షాపులో కార్డు అమ్ముతారు, కొనుక్కోండి" అంది. నేను వెటకారం అనుకున్నా. నిజమే చెప్పింది. ఏ పరిస్థితిలో ఏం చేయాలో రంగురంగుల గళ్లలో అచ్చేసిన చిన్న కార్డు అది. టేబుల్ మీద పెట్టుకుని చూసుకుంటూ ఆడినా సాధారణంగా ఎవరూ ఏమీ అనరు.

ఎలా గెలవాలో క్యాసినోవాళ్లే అమ్ముతున్నారా? అక్కడే నాకు అనుమానం వచ్చింది. సోమవారం సాయంత్రం నేరుగా లైబ్రరీకి వెళ్లా.

నలుగురు సైనికులు, ఒక లెక్కల మాస్టారు

లైబ్రరీలో దొరికింది పాత అట్ట పుస్తకం. ఎడ్వర్డ్ థార్ప్ రాసిన 'బీట్ ద డీలర్'. మొదట 1962లో వచ్చింది, నాకు దొరికింది 1966 నాటి రెండో కూర్పు. పేజీలు పసుపు రంగుకి తిరిగాయి.

ఈ కథ థార్ప్ కంటే ముందే మొదలైంది. 1950ల్లో మేరీల్యాండ్‌లోని అబర్డీన్ సైనిక స్థావరంలో పనిచేసిన నలుగురు లెక్కలు తెలిసిన కుర్రాళ్లు.. రోజర్ బాల్డ్విన్, విల్బర్ట్ కాంటీ, హెర్బర్ట్ మైజెల్, జేమ్స్ మెక్‌డెర్మాట్. బల్ల మీద పెట్టుకునే క్యాలిక్యులేటర్లతో ఒక్కో పరిస్థితినీ లెక్కగట్టి, బ్లాక్‌జాక్‌లో దేనికి ఏం చేస్తే నష్టం తక్కువో తేల్చారు. 1956లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఆ లెక్క అచ్చయింది. ఈ రోజు మీ ఫోన్లో కనిపించే ప్రతి బ్లాక్‌జాక్ చార్ట్‌కీ తాత అదే.

థార్ప్ ఆ వ్యాసం చదివి, అందులోని పద్ధతిని చిన్న కాగితం మీద రాసుకుని, 1958లో క్రిస్మస్ సెలవులకి లాస్ వేగాస్ వెళ్లాడు. పది డాలర్లతో కూర్చుని ఎనిమిదిన్నర పోగొట్టుకున్నాడు! కానీ ఆయన కంటపడింది ఇంకోటి. పంచేసిన ముక్కలు మళ్లీ రావు కదా, అలాంటప్పుడు కట్టలో మిగిలినవాటిని బట్టి ఆట మారాలి కదా అనుకున్నాడు. తర్వాత ఎంఐటీలో ఐబీఎం 704 కంప్యూటర్ మీద ఫోర్ట్రాన్ నేర్చుకుని మరీ ఆ లెక్క తేల్చాడు. అదే పుస్తకమైంది. దాని దెబ్బకి 1964లో లాస్ వేగాస్ క్యాసినోలు ఆట నియమాలే మార్చేశాయి. జనం టేబుళ్ల దగ్గరికి రావడం తగ్గేసరికి కొద్ది వారాల్లోనే పాత నియమాలకి వచ్చేశాయి.

ఇదంతా చదువుతుంటే ఓ సంగతి తట్టింది. మనం "పుస్తకమా, సాఫ్ట్‌వేరా" అని పోటీ పెడతాం గానీ, ఈ పుస్తకం పుట్టిందే కంప్యూటర్లోంచి. జవాబులు రెండింట్లోనూ ఒకటే. తేడా అంతా జవాబుతో పాటు ఇంకేం చెప్తారన్న దాంట్లోనే ఉంది.

పుస్తకం నాకు 'ఎందుకు' చెప్పింది. ఉదాహరణకి మీ దగ్గర 12 ఉంది, డీలర్ దగ్గర 6 కనిపిస్తోంది. ముక్క అడగొద్దు, ఆగండి. ఎందుకంటే 6 తెరిచిన డీలర్ 100 సార్లలో సుమారు 42 సార్లు 21 దాటిపోతాడు. తప్పు వాడు చేయాలి, మీరు కాదు. అదే మీకు 16 ఉండి డీలర్‌కి పది కనిపిస్తే ముక్క అడగాలి. గెలుస్తారని కాదు. ఆగినా, అడిగినా పెట్టిన డాలర్‌లో సగానికి పైగా పోయే పరిస్థితే అది. అడిగితే పోయేది కాస్త తక్కువ, అంతే.

ఈ చివరి మాట మళ్లీ చదవండి. 'బేసిక్ స్ట్రాటజీ' అనేది గెలిచే మంత్రం కాదు, తక్కువ ఓడిపోయే పద్ధతి. మంచి నియమాలున్న టేబుల్ మీద ఒక్క తప్పు లేకుండా ఆడినా, పెట్టిన ప్రతి 100 డాలర్లకీ సగటున ఓ అర డాలర్ క్యాసినోదే. అందుకే వాళ్లు కార్డు ధైర్యంగా అమ్ముతారు.

ఫోన్ చేసిన మేలు

పుస్తకం చదవడం అయింది, కానీ టేబుల్ దగ్గర కూర్చుంటే బుర్ర పనిచేయలేదు. చుట్టూ గోల, డీలర్ చూపు, పక్కవాడి నిట్టూర్పు. ఆసు, 7 కలిపి 18 వచ్చినప్పుడు డీలర్ 9 చూపిస్తే ఏం చేయాలి? ముక్క అడగాలని పుస్తకంలో చదివా, గుర్తు రాలేదు. ఆగిపోయా.

అక్కడ ఫోన్ కాపాడింది. ప్రాక్టీస్ యాప్ ఒకటి పెట్టుకున్నా. డబ్బులతో ఆడేది కాదు, నేర్పేది మాత్రమే. ముక్కలు చూపిస్తుంది, మీరు నొక్కాలి, తప్పయితే ఎర్ర గీత. రైల్లో వెళ్తూ వస్తూ రోజూ 200 ఆటలు. ఎక్కడ తప్పు చేస్తున్నానో గుర్తుపెట్టుకుని అవే మళ్లీ మళ్లీ ఇస్తుంది. మూడు వారాల్లో చార్ట్ మొత్తం వేళ్లకి వచ్చేసింది. పుస్తకంతో ఇది మూడు నెలలకీ అయ్యేది కాదు. ఎక్కాలు పుస్తకంలో చదివితే రావు, పొద్దున్నే లేచి వల్లె వేస్తేనే వస్తాయి. యాప్ చేసేది ఆ పని.

సరే, అంతా బానే ఉంది అనుకుంటున్న సమయంలో ఓ చిక్కొచ్చింది.

ఒక ప్రశ్న, మూడు జవాబులు

నా దగ్గర 11. డీలర్ దగ్గర ఆసు. ఏం చేయాలి?

పుస్తకం: పందెం రెట్టింపు చెయ్.
యాప్: వద్దు, ఊరికే ముక్క అడుగు.
యూట్యూబ్ వీడియోలో కుర్రాడు: కళ్లు మూసుకుని రెట్టింపు చెయ్ బ్రో.

ఎవరు తప్పు? రెండు రోజులు కొట్టుకున్నా. చివరికి తేలిందేంటంటే, ముగ్గురూ కరెక్టే! పుస్తకం లెక్క ఒకే కట్టతో ఆడే ఆటకి. ఆ కాలంలో అదే మామూలు. నా యాప్ సెట్టింగ్స్‌లో ఎనిమిది కట్టలు, డీలర్ ఆసుతో వచ్చిన 17 మీద కూడా ఆగాలి అని ఉంది. దానికి ముక్క అడగడమే సరి. వీడియోలోది ఆరు కట్టలు, కానీ ఆసుతో 17 వస్తే డీలర్ ఇంకో ముక్క తీసుకునే టేబుల్. దానికి రెట్టింపు సరి.

అంటే 'సరైన చార్ట్' అంటూ ఒకటి ఉండదు. ఏ టేబుల్‌కి ఏ చార్ట్ అన్నదే అసలు ప్రశ్న. ఇక్కడే మూడింటికీ తేడా తెలిసింది. పుస్తకం తన లెక్క ఏ ఆటకో ముందే పేజీలు పేజీలుగా చెప్పి, ఆ తర్వాతే జవాబు చెప్తుంది. మనకి విసుగొస్తుంది, అయినా చెప్తుంది. యాప్ ఆ సంగతిని సెట్టింగ్స్‌లో దాస్తుంది. వెతికినవాడికి దొరుకుతుంది. అరవై సెకన్ల వీడియో దాన్ని కోసి అవతల పారేస్తుంది. మిగిలేది 'బ్రో, డబుల్ చెయ్' మాత్రమే.

ఈ ఒక్క గడి తప్పితే పెద్ద నష్టం లేదు, పైసల్లో తేడా. కానీ ఇదే అలవాటు ఇంకోచోట వేలల్లో దెబ్బకొడుతుంది.

గుడ్డ మీద రాసిన చిన్న అక్షరాలు

బ్లాక్‌జాక్ టేబుల్ మీద పరిచిన గుడ్డ మీదే ఓ లైను రాసి ఉంటుంది. కొన్నింటి మీద 'మూడుకి రెండు', కొన్నింటి మీద 'ఆరుకి ఐదు'. బ్లాక్‌జాక్ పడితే ఎంత ఇస్తారన్నది అది. 10 డాలర్లు పెడితే మొదటిదాంట్లో 15 వస్తాయి, రెండోదాంట్లో 12. మూడు డాలర్లే కదా అనిపిస్తుంది. పైగా 'ఆరు, ఐదు' పెద్ద అంకెలు, ఎక్కువ ఇస్తున్నట్టే ఉంటుంది.

లెక్క చూడండి. బ్లాక్‌జాక్ సుమారు 21 ఆటలకి ఒకసారి పడుతుంది. 21 ఆటలకి మూడు డాలర్లు అంటే ఆటకి 14 సెంట్లు. పది డాలర్ల పందెం మీద 1.4 శాతం. చార్ట్ పక్కాగా ఆడితే క్యాసినో వాటా అర శాతం అన్నాం కదా, అది ఒక్క దెబ్బకి దాదాపు రెండు శాతం అవుతుంది. గంటకి 70 ఆటలు, పది డాలర్ల చొప్పున అయితే మంచి టేబుల్లో సగటు నష్టం మూడున్నర డాలర్లు, ఈ టేబుల్లో 13 డాలర్లు. చార్ట్ అదే, ఆడేవాడూ అదే.

ఇలాంటిదే 'ఇన్సూరెన్స్'. డీలర్‌కి ఆసు పడగానే "ఇన్సూరెన్స్ తీసుకుంటారా?" అని అడుగుతారు. పేరు వింటే జాగ్రత్తపరుడి పని అనిపిస్తుంది. నిజానికి అది డీలర్ కింది ముక్క పది అవుతుందా అన్న కొత్త పందెం. అయితే రెట్టింపు ఇస్తారు. ఆరు కట్టల్లో 312 ముక్కలుంటే, పది విలువవి 96. అంటే మూడోవంతు కంటే తక్కువ. రెట్టింపు ఇస్తే సరిపోవాలంటే కచ్చితంగా మూడోవంతు ఉండాలి. ఆ తేడా వల్ల క్యాసినోకి మిగిలేది సుమారు 7 శాతం.

మా వాడు ఏం చేశాడంటే..

ఇవన్నీ నాకు తెలిశాయి. తెలిసిన గర్వంలో మా రూమ్మేట్‌కి నేర్పా. వాడు చురుకైనవాడు, వారంలో చార్ట్ పట్టేశాడు. పుస్తకం కూడా ఇచ్చా. "ఈ రోజుల్లో ఇంత ఎవరు చదువుతారన్నా, మ్యాటర్ చార్ట్‌లో ఉందిగా" అని నవ్వాడు. నేనూ నవ్వేశా. నా తప్పు అక్కడే జరిగింది.

న్యూజెర్సీలో ఆన్‌లైన్ క్యాసినోలు 2013 నవంబర్ నుంచి చట్టబద్ధం. 21 ఏళ్లు నిండితే చాలు. వాడు నాకు చెప్పకుండా ఫోన్లో డబ్బులతో మొదలెట్టాడు. మొదటి మూడు వారాల్లో 400 డాలర్లు గెలిచాడు. కొత్త హెడ్‌ఫోన్స్ కొన్నప్పుడు కూడా నేను అడగలేదు. ఆ తర్వాత ఓ వీడియో చూశాడు. 'ఎప్పుడూ ఓడని పద్ధతి': ఓడితే పందెం రెట్టింపు చెయ్, ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తావ్, అప్పుడు పోయినవన్నీ వచ్చి పది డాలర్లు మిగులుతాయి.

వినడానికి తిరుగులేదు. 10, 20, 40, 80, 160, 320. వరసగా ఆరుసార్లు ఓడితే 630 పోతాయి. ఏడోసారి 640 పెట్టాలి, కానీ ఆ టేబుల్ పరిమితి 500. ఆట అక్కడితో ఆగిపోతుంది. ఆరుసార్లు వరసగా ఓడతామా అంటారా? సమానమైన ఆటలు పక్కన పెడితే ప్రతిసారీ ఓడే అవకాశం 53 శాతం. దాన్ని ఆరుసార్లు గుణిస్తే సుమారు 2.2 శాతం. అంటే 45 ప్రయత్నాల్లో ఒకటి. మిగతా 44 సార్లు పదేసి డాలర్లు.. 440 వస్తాయి. ఆ ఒక్కసారి 630 పోతాయి. డబుల్స్, బ్లాక్‌జాక్‌ల లెక్క పక్కన పెట్టి చెప్పిన స్థూలమైన అంచనా ఇది, కానీ సంగతి ఇదే.

టేబుల్ దగ్గరయితే 45 ప్రయత్నాలకి సుమారు గంటన్నర పడుతుంది. ఫోన్లో ముక్కలు పంచే మనిషి లేడు, గంటకి 300 ఆటలు సులువుగా అయిపోతాయి. మా వాడికి ఆ 'ఒక్కసారి' మూడు రాత్రులు వచ్చింది. 1,890 డాలర్లు.

పదివేల సాయంత్రాలు, ఒక్క సెంటు ఖర్చు లేకుండా

మర్నాడు ఆదివారం. నేను వాణ్ని తిట్టలేదు. తిట్టే హక్కు నాకు లేదు. లాప్‌టాప్ తీసి పక్కన కూర్చోబెట్టుకున్నా. ఇద్దరం సాఫ్ట్‌వేర్ వాళ్లమే కదా, పైథాన్‌లో బ్లాక్‌జాక్ ఆడే చిన్న ప్రోగ్రామ్ రాశాం. చార్ట్ తప్పకుండా, ప్రతిసారీ పది డాలర్లే పెట్టే మనిషిని తయారుచేశాం. నాలుగు గంటల సాయంత్రం అంటే 280 ఆటలు. అలాంటి పదివేల సాయంత్రాలు ఆడించాం.

మంచి టేబుల్ మీద సగటు నష్టం సాయంత్రానికి 14 డాలర్లే. కానీ ఊగిసలాట ఎంతో తెలుసా? అటూ ఇటూ 190 డాలర్ల దాకా మామూలే. అందువల్ల ప్రతి 100 సాయంత్రాల్లో దాదాపు 47 సార్లు మనిషి లాభంతో ఇంటికొస్తాడు. మా వాడు స్క్రీన్ చూస్తూ, "మొదటి మూడు వారాలు నేను ఇందులో ఉన్నానన్నమాట" అన్నాడు.

అవును. వీడియోలు చేసేవాళ్లలో చాలామంది కూడా ఆ 47లోనే ఉంటారు. మిగతా 53 మంది కెమెరా ఆన్ చేయరు. మనం ఫోన్లో చూసేది గెలిచిన సాయంత్రాలనే. తప్పుడు సమాచారం కానక్కర్లేదు, సగం సమాచారం చాలు మనిషిని ముంచడానికి.

తర్వాత ఏడాది లెక్క వేశాం. వారానికో సాయంత్రం చొప్పున 50. 'మూడుకి రెండు' టేబుల్ మీద ఏడాది చివర లాభంలో ఉండేది 100 మందిలో 30 మంది. 'ఆరుకి ఐదు' టేబుల్ మీద? ఇద్దరో ముగ్గురో. చార్ట్‌లో ఒక్క గడి మారలేదు, గుడ్డ మీది అంకెలు మాత్రమే మారాయి. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

సాఫ్ట్‌వేర్ అసలు ఉపయోగం ఇది అని నాకు ఆ రోజు తెలిసింది. ఎలా ఆడాలో చెప్పడం కాదు, ఆడితే ఏమవుతుందో ముందే చూపించడం. పుస్తకం 'ఎందుకు' చెప్తుంది, ప్రాక్టీస్ యాప్ చేతికి అలవాటు చేస్తుంది, సిమ్యులేషన్ ఖరీదెంతో చూపిస్తుంది. మేం రెండోదానితోనే ఆగిపోయాం.

మరి ముక్కలు లెక్కపెడితే?

ఈ ప్రశ్న మీ నోటిదాకా వచ్చే ఉంటుంది. 2008లో వచ్చిన '21' సినిమా చూసినవాళ్లందరికీ వస్తుంది. లెక్క కష్టమేం కాదు. 2 నుంచి 6 దాకా పడితే ఒకటి కలుపు, పది, ఆసు పడితే ఒకటి తీసెయ్, 7, 8, 9 వదిలెయ్. మొత్తం పెరిగితే కట్టలో పెద్ద ముక్కలు ఎక్కువున్నట్టు, అప్పుడు పందెం పెంచాలి. యాప్‌లో నెల సాధన చేస్తే వస్తుంది.

కానీ దాంతో చేతికొచ్చేది ఒక శాతం అటూఇటూ పైచేయి. దానికోసం ఊగిసలాటను తట్టుకునే పెద్ద మొత్తం కావాలి, గంటల తరబడి ఒక్క తప్పు చేయకూడదు. బుర్రతో లెక్కపెట్టడం నేరం కాదు, కానీ నెవాడాలో క్యాసినోలు "ఇక చాలు, మీరు ఆడొద్దు" అనొచ్చు. న్యూజెర్సీలో అలా పంపకూడదని 1982లో కెన్ ఉస్టన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ముక్కలు మధ్యలోనే కలిపేయడం లాంటి దారులు వాళ్లకున్నాయి. టేబుల్ దగ్గర ఫోన్‌తో లెక్కపెట్టించడం మాత్రం నేరమే. నెవాడాలో 1985 నుంచే ఆ చట్టం ఉంది. ఇక కంప్యూటరే ముక్కలు పంచే ఆన్‌లైన్ ఆటల్లో సాధారణంగా ప్రతి ఆటకీ కట్ట కొత్తగా కలుస్తుంది. లెక్కపెట్టడానికి అక్కడేమీ ఉండదు. ఫోన్లో ఆడే ఆటకి ఫోన్లో కౌంటింగ్ నేర్పే వీడియో చూశారంటే, చేపలే లేని చెరువుకి గాలం కొన్నట్టే.

మనవైపు సంగతి కూడా ఓ మాట. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే మన సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట పట్టుకుని "ఇదీ నైపుణ్యమే" అని ప్రకటనలిచ్చిన ఆటలు బోలెడు. కానీ డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రమే దేశమంతటికీ చట్టం తెచ్చింది. చట్టం పక్కన పెట్టినా లెక్క మారదు. బ్లాక్‌జాక్‌లో నైపుణ్యం ఉంది, కాదనను. అది ఓటమి వేగాన్ని తగ్గిస్తుంది, దిశను మార్చదు.

చివరికి

ఫీజు డబ్బు ఇచ్చా. వాడి చేతికి కాదు, యూనివర్సిటీ ఖాతాకే కట్టా. వాడేమీ అనుకోలేదు. ఇంకో పని వాడంతట వాడే చేశాడు. న్యూజెర్సీలో 'నన్ను ఆడనివ్వొద్దు' అని మనమే పేరు రాయించుకునే పద్ధతి ఉంది. ఒకసారి రాయించుకుంటే ఆ గడువు తీరేదాకా క్యాసినోలు రానివ్వకూడదు. ఏడాదికి పెట్టుకోవచ్చు, ఐదేళ్లకి పెట్టుకోవచ్చు. వాడు ఐదేళ్లకి టిక్ పెట్టాడు. నా ఎదురుగానే. అమెరికాలో ఉంటూ ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఆట చేయి దాటిపోతోందనిపిస్తే, 1-800-గ్యాంబ్లర్ అనే హెల్ప్‌లైన్ ఉంది. మొహమాటపడొద్దు.

నేను? మళ్లీ అట్లాంటిక్ సిటీ వెళ్లలేదని చెప్తే అబద్ధం. ఏడాదికి ఒకటి రెండుసార్లు, సినిమాకి పెట్టుకున్నట్టు 100 డాలర్లు జేబులో పెట్టుకుని వెళ్తా. ముందు గుడ్డ మీది అక్షరాలు చదువుతా. 'ఆరుకి ఐదు' ఉంటే కూర్చోను. 100 అయిపోతే సముద్రం ఒడ్డున నడుస్తా.

పుస్తకం లైబ్రరీకి తిరిగిచ్చేశా. ఇచ్చే ముందు రోజు రాత్రి మా వాడు అడిగాడు, "ఓసారి ఇవ్వన్నా, చూస్తా" అని. వంటింట్లో టీ తాగుతూ రెండు గంటలకి దాకా చదివాడు. పొద్దున్నే నాకిస్తూ ఒకే మాటన్నాడు.

"చార్ట్‌తోనే మొదలవదు కదన్నా. ముందు అది ఏ ఆటకో రాశాడు."